జార్జి సైమన్ ఓము

సిద్దిపేటలో ఇప్పుడు క్రొత్తగా ఇల్లు కట్టుకొనువారు హాలు నడుమ వ్రేలాడు ఒక్క దీపముతో తృప్తిపడుట లేదు. ఫాల్ సీలింగు అంచు లోపలను, వంటగది అలమారల క్రిందను, మెట్ల ప్రక్కను సన్నని నాడావంటి ఎల్.ఇ.డి. స్ట్రిప్పును అంటించి, దీపము కనబడక వెలుతురు మాత్రమే కనబడునట్లు చేయుట వాడుకయైనది. ఇండ్లలో అమర్చుకొను మేలైన రకపు స్ట్రిప్పునకు మన ఇంటికి వచ్చు 230 వోల్టుల కరెంటును నేరుగా ఈయరాదు. డ్రైవర్ అను చిన్న పెట్టె దానిని 12 వోల్టులకో 24 వోల్టులకో తగ్గించి యిచ్చును. ఇంతవరకు అందరికిని తెలిసినదే. అయితే గృహప్రవేశము నాటి రాత్రి మీట నొక్కగా, డ్రైవర్‌కు దగ్గరనున్న కొన పాలవలె తెల్లగా వెలుగుచు, దూరపు కొన మసకబారి యుండుటను మేము ఒకటి రెండు ఇండ్లలో చూచితిమి. ఇంటి యజమాని స్ట్రిప్పు మంచిది కాదనును. అమ్మినవాడు డ్రైవర్ చాలదనును. కరెంటు పనివాడు రెండును మార్చుమనును. తీగ పేరు మాత్రము ఎవరును ఎత్తరు.

ఆ తీగ సంగతిని సుమారు రెండు వందల సంవత్సరముల క్రిందటనే ఒక హైస్కూలు ఉపాధ్యాయుడు కొలిచి చెప్పి యున్నాడు. ఆయన పేరు మన పదవ తరగతి విద్యార్థులందరికిని కంఠస్థమే. ఓము నియమము వ్రాయుమనిన తడబడక వ్రాయుదురు. ఓము ఎవరని అడిగినచో మాత్రము, అది నిరోధమునకు కొలత అందురే గాని ఒక మనుష్యుని పేరని చెప్పువారు అరుదు. ఆ మనుష్యుని చరిత్ర తెలిసికొనదగినది. అందులో గొప్ప యుద్ధములు లేవు, సముద్రయానములు లేవు. బీదతనమును, పాఠములును, కొలతలును ఉన్నవి. ఒక పుస్తకము కొరకు ఉన్న ఉద్యోగమును వదలుకొనిన సాహసమును ఉన్నది.

జార్జి సైమన్ ఓము 1789వ సంవత్సరము మార్చి 16వ తేదీన జర్మను దేశములోని ఎర్లాంగెన్ పట్టణమున జన్మించెను. తండ్రి యోహాన్ వోల్ఫ్‌గాంగ్ ఓము తాళములు చేయు పనివాడు. తల్లి మరియ ఎలిజబెత్ ఒక దర్జీ కుమార్తె. వారు ప్రొటెస్టంటు కుటుంబీకులు. ఏడుగురు బిడ్డలు పుట్టినను ముగ్గురే బ్రతికి పెద్దవారైరి. వారు జార్జియు, అతని తమ్ముడు మార్టిన్‌యు, ఎలిజబెత్ బార్బరా అను సోదరియు. జార్జికి పది సంవత్సరముల ప్రాయమున తల్లి మరణించెను.

ఆ తండ్రిని గూర్చి రెండు మాటలు చెప్పక ముందుకు సాగరాదు. ఆయన బడిలో చదివినవాడు కాడు. తనంతట తానే పుస్తకములు సంపాదించి గణితమును, భౌతికశాస్త్రమును, రసాయనశాస్త్రమును, తత్త్వశాస్త్రమును చదివికొనెను. చదివినదానిని తన యిద్దరు కుమారులకును ఇంటియొద్దనే నేర్పెను. పగలు ఆకురాయి, రాత్రి జ్యామితి. పిల్లలు పదకొండవ యేట ఉన్నత పాఠశాలలో చేరిరి గాని, అక్కడ శాస్త్రపాఠములు స్వల్పము. వల్లెవేయుటయే అధికము. ఇంటి చదువు బడి చదువును మించినదై యుండెను. జార్జికి పదునైదు సంవత్సరములప్పుడు విశ్వవిద్యాలయపు గణితాచార్యుడైన లాంగ్స్‌డార్ఫ్ అతనిని పరీక్షించి, ఈ తాళములవాని యింటి బాలురు గణితమున పేరుపొందిన బెర్నూలీ సోదరులంతటివారు కాగలరని తలంచెను. మార్టిన్ పిమ్మట పేరుగల గణితాచార్యుడే ఆయెను. అక్షరములు రాని తలిదండ్రులు తమ బిడ్డల చదువు విషయమున తాము చేయగలిగినది ఏమియు లేదని అనుకొందురు. లోహము కొలతకు సరిగా ఉండనిదే తాళము పట్టదను సంగతిని ఆ బాలుడు పుస్తకములో గాక తండ్రి చేతులలో చూచెనని మేము తలంచెదము. ముందు ముందు అతడు తన పరికరములను తానే చేసికొనవలసి వచ్చినప్పుడు ఈ పనితనము అక్కరకు వచ్చెను.

1805లో జార్జి ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయమున చేరెను. చేరి చదువుటకు బదులుగా నాట్యశాలలలోను, మంచుమీద జారుటలోను, బిలియర్డు ఆటలోను కాలము గడిపెను. విద్యార్థులు చదువు పత్రికలో ఈ సంగతి ఏల వ్రాయవలెనని కొందరనవచ్చును. జరిగినది గనుక వ్రాయుచున్నాము. తాను పొందలేని అవకాశమును కుమారుడు పాడుచేసికొనుచున్నాడని తండ్రి మిక్కిలి కోపించెను. మూడు అర్ధసంవత్సరములైన పిమ్మట చదువు మాన్పించి, 1806లో అతనిని స్విట్జర్లాండు దేశమునకు పంపివేసెను. అక్కడ గాట్‌స్టాట్ అను గ్రామపు పాఠశాలలో పదునేడేండ్ల జార్జి లెక్కల ఉపాధ్యాయుడాయెను. బిలియర్డు బల్లను విడిచినవాడు నల్లబల్ల యొద్దకు వచ్చెను. మరల జీవితాంతమువరకు దానిని పూర్తిగా విడువలేదు.

1809లో అతడు న్యూషాటెల్ పట్టణమునకు పోయి ఇండ్లలో పాఠములు చెప్పుకొనుచు, లాంగ్స్‌డార్ఫ్ ఆచార్యుని సలహా చొప్పున ఆయిలర్, లాప్లాస్, లాక్రవా వంటి గొప్ప గణితజ్ఞుల గ్రంథములను తానై చదివెను. 1811లో ఎర్లాంగెన్‌కు తిరిగివచ్చి అక్టోబరు 25న డాక్టరు పట్టమును పొందెను. అదే విశ్వవిద్యాలయమున కొంతకాలము బోధించెను గాని, ఆ జీతముతో కడుపు నిండలేదు. 1813లో బవేరియా ప్రభుత్వమువారు బాంబెర్గ్ పట్టణమున ఒక సామాన్యమైన పాఠశాలలో ఉద్యోగమిచ్చిరి. ఆ పాఠశాల 1816లో మూతపడగా, విద్యార్థులు క్రిక్కిరిసియున్న మరియొక బడికి ఆయనను పంపిరి. ఇన్ని చిక్కులలోను ఆయన జ్యామితిని బోధించు విధమును గూర్చి ఒక పుస్తకము వ్రాసి, దాని ప్రతిని ప్రష్యా రాజైన మూడవ ఫ్రెడరిక్ విలియమునకు పంపెను. రాజునకు అది నచ్చెను. ఫలితముగా 1817 సెప్టెంబరులో కొలోన్ నగరపు ఉన్నత పాఠశాలలో గణితమును భౌతికశాస్త్రమును బోధించు ఉద్యోగము ఓముకు దొరకెను.

ఆ పాఠశాల పూర్వము జెసూయిట్ సభవారిది. ఈయన ప్రొటెస్టంటు. ఆ భేదము పనికి అడ్డుగా రాలేదు. అక్కడ మంచి ప్రయోగశాల యుండెను. బోధనపనితో దినము గడచిపోగా, మిగిలిన గంటలలో ఓము ఆ గదిలో కూర్చుండెడివాడు. 1820లో డెన్మార్కు పండితుడైన ఎర్‌స్టెడ్, విద్యుత్తు ప్రవహించు తీగ దగ్గరనున్న అయస్కాంతపు సూదిని కదలించునని కనుగొనెను. ఆ వార్త యూరపు అంతటను ప్రాకెను. సూది ఎంత కదలునో దానిని బట్టి ప్రవాహమును కొలువవచ్చునని ఓముకు తోచెను.

ఆనాటి స్థితిని మన విద్యార్థులు ఊహించుట కష్టము. విద్యుత్ఘటమును వోల్టా 1800లో నిర్మించెను గనుక ప్రవాహము దొరకుచుండెను. కాని అమ్మీటరు లేదు, వోల్టుమీటరు లేదు, వోల్టు అను కొలతయే లేదు. దుకాణమునకు పోయి ఒకే మందము గల తీగ నూరు గజములు ఇమ్మనుటకు వీలులేదు. తీగ పొడవు పెరిగినచో ప్రవాహము తగ్గునని పలువురు ఎరుగుదురు. ఎంత పొడవునకు ఎంత తగ్గునో ఎరిగిన వారు లేరు. ఓము అడిగిన ప్రశ్న ఇంతే. ఇప్పుడు మసకబారిన స్ట్రిప్పు క్రింద నిలిచి మనము అడుగవలసిన ప్రశ్నయు ఇదియే.

1825లో ఆయన మొదట చేసిన ప్రయోగములు సరిగా కుదరలేదు. వోల్టా ఘటము తీగ తగిలింపగానే మొదట బలముగా పనిచేసి, పిమ్మట క్షీణించుచు వచ్చును. కొలుచుచుండగానే కొలబద్ద కుదించుకొనిపోయినట్లు! ఆ కొలతలనుండి ఆయన తీసిన సూత్రమును సరియైనది కాదు. అప్పుడు శాస్త్రపత్రిక సంపాదకుడైన పాగెన్‌డార్ఫ్ ఘటమును మాని, 1821లో సీబెక్ కనుగొనిన ఉష్ణయుగ్మమును వాడి చూడుమని సలహా ఇచ్చెను. రెండు వేరువేరు లోహములను రెండు చోట్ల అతికి, ఒక అతుకును వేడిగాను రెండవదానిని చల్లగాను ఉంచినచో ప్రవాహము పుట్టును. ఓము బిస్మతును రాగిని తీసికొని, ఒక అతుకును మరుగుచున్న నీటిలోను, మరియొక దానిని కరుగుచున్న మంచులోను ఉంచెను. నీరు మరుగుచున్నంతసేపు, మంచు కరుగుచున్నంతసేపు ఆ వేడిమి భేదము మారదు. గనుక ప్రవాహమును పుట్టించు బలమును మారదు. ఇంత సులభమైన ఉపాయము.

1826 జనవరిలో ఆయన ఒకే మందము గల ఎనిమిది రాగి తీగలను సిద్ధము చేసెను. వాని పొడవులు 2, 4, 6, 10, 18, 34, 66, 130 అంగుళములు. సన్నని లోహపు తీగనుండి అయస్కాంతపు సూదిని వ్రేలాడదీసి, ప్రవాహము చేత అది ప్రక్కకు తిరిగినప్పుడు, మరల మొదటి తావునకు తెచ్చుటకు వ్రేలాడదీసిన తీగను ఎంత మెలిత్రిప్పవలెనో ఆ మెలికను లెక్కించెను. ఒక్కొక్క తీగను తగిలించుటయు, కొలుచుటయు, తీయుటయు, మరల తగిలించుటయు. 2 అంగుళముల తీగకు 326¾ భాగములు, 4 అంగుళములకు 300¾, 6 అంగుళములకు 277¾, ఈ విధముగా తగ్గుచు వచ్చి, 130 అంగుళములకు 48½ భాగములు వచ్చెను.

ఈ అంకెలయొద్ద కొంచెము ఆగుదము. పొడవు 65 రెట్లు పెరిగినది, ప్రవాహము మాత్రము ఏడవ వంతు కంటె తక్కువ కాలేదు. తొందరపడువాడు పొడవునకును ప్రవాహమునకును సరియైన సంబంధమే లేదని కాగితమును ప్రక్కకు నెట్టును. ఓము అట్లు చేయలేదు. ప్రవాహము నడచునది పరీక్షకు పెట్టిన తీగలో మాత్రమే కాదనియు, బిస్మతులోను రాగిపట్టీలోను అతుకులలోను కూడ నడచుననియు, అవియు దానిని అడ్డగించుననియు గ్రహించెను. ఆ మిగిలిన భాగమంతయు 20¼ అంగుళముల తీగకు సమానమని లెక్కలో తేలెను. ప్రతి తీగ పొడవునకును ఆ 20¼ని కలిపి, దానితో 7285 అను సంఖ్యను భాగింపుడు. 2 అంగుళములకు సుమారు 327 వచ్చును. 130 అంగుళములకు 48½ వచ్చును. మన విద్యార్థులు నడుమనున్న వానిని కూడ తామే భాగించి చూచుకొనవచ్చును. ఎనిమిదింటిలో ఒక్కటియు ఎక్కువ తప్పదు. ప్రవాహము దానిని నడపు బలమును బట్టి పెరుగును, దారి మొత్తము యొక్క నిరోధమును బట్టి తగ్గును. ఇదియే ఓము నియమము. దారి మొత్తము అను మాటలోనే దాని బలమంతయు ఉన్నది.

ఇప్పుడు మన హాలులోనికి పోదము. సామాన్యముగా వాడుకలోనున్న ఒక రకపు 12 వోల్టుల స్ట్రిప్పు మీటరునకు 14.4 వాట్లు తీసికొనును. 5 మీటర్ల చుట్టకు 72 వాట్లు, అనగా 6 ఆంపియర్ల ప్రవాహము. ఇంటి బల్బునకు ఒక ఆంపియరులో స్వల్పభాగము చాలును గనుక, 6 ఆంపియర్లనగా ఏ పాటివో గమనింపుడు. డ్రైవర్‌ను కనబడకుండ దూరముగా అటకమీద పెట్టి, 10 మీటర్ల దూరమునుండి 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగను తెచ్చితిమనుకొందము. పోవు తీగ, వచ్చు తీగ కలిసి 20 మీటర్లు. అట్టి రాగి తీగకు మీటరునకు సుమారు 0.018 ఓములు గనుక మొత్తము 0.36 ఓము. ఆరుతో గుణింపగా 2.16 వోల్టులు తీగలోనే ఖర్చగును. స్ట్రిప్పునకు చేరునవి పదివోల్టులకు లోపు. దీపములు మసకబారినప్పుడు ప్రవాహము కొంత తగ్గును గనుక నిజముగా పోవు నష్టము ఇంతకంటె కొంచెము తక్కువయే యుండును. కాని కంటికి తెలియకపోదు.

రెండు వోల్టులు పోయినంత మాత్రమున ఇంత మసకయేల అని అడుగవచ్చును. స్ట్రిప్పు లోపల మూడేసి దీపములు ఒక వరుసగా కట్టబడి యుండును. ఒక్కొక్క తెల్ల దీపము సుమారు 3 వోల్టులు పుచ్చుకొనును. మూడింటికి 9 పోగా, 12లో మిగిలిన 3 వోల్టులు ఒక చిన్న నిరోధకము మీద పడును. ఆ నిరోధకము 150 ఓములదైనచో, ప్రవాహము 20 మిల్లీ ఆంపియర్లు. ఇప్పుడు 12కు బదులు 10.5 వోల్టులే వచ్చినవనుకొనుడు. దీపములు తమ తొమ్మిదింటిని దాదాపు అట్లే తీసికొనును. నిరోధకమునకు మిగులునది 1.5 మాత్రమే. ప్రవాహము ఇంచుమించు సగమాయెను! వోల్టులలో ఎనిమిదవ వంతు తగ్గినచో వెలుతురులో సుమారు సగము పోయినది. ఆపైన స్ట్రిప్పులోని రాగిరేకు మిక్కిలి పలుచనిది గనుక, మొదటి కొనకును చివరి కొనకును భేదము కనబడును.

కావున ఇల్లు కట్టుకొను తలిదండ్రులు స్ట్రిప్పు రంగును ఎన్నుకొనుటకు ముందే డ్రైవర్ పెట్టు చోటును ఎన్నుకొనుట మంచిది. దానిని గాలి ఆడుచోట, మరల చేతికందు చోట, స్ట్రిప్పునకు దగ్గరగా పెట్టింపవలెను. 72 వాట్ల స్ట్రిప్పునకు 72 వాట్ల డ్రైవర్‌నే కొనక, 100 వాట్లది కొనినచో అది వేడెక్కక చాలకాలము పనిచేయును. దూరము తప్పనిచో 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేయవలెను. అప్పుడు పై లెక్కలోని నష్టము 0.86 వోల్టునకు దిగును. అన్నింటికంటె మేలు 24 వోల్టుల స్ట్రిప్పును ఎన్నుకొనుట. అదే 72 వాట్లకు ప్రవాహము 3 ఆంపియర్లే. పై సన్నని తీగలోనే నష్టము 1.08 వోల్టు. పండ్రెండింటిలో 2.16 అనగా నూటికి 18 వంతులు. ఇరువది నాలుగింటిలో 1.08 అనగా నూటికి నాలుగున్నర. వోల్టులు రెట్టింపైనచో నష్టపు వంతు నాలుగవ పాలాయెను. పొడవైన స్ట్రిప్పునకు రెండు కొనలనుండియు తీగ ఇచ్చుట మరియొక ఉపాయము. కత్తిరించునప్పుడు గుర్తున్నచోటనే కత్తిరింపవలెను. ప్లస్సు మైనస్సులు తారుమారు కారాదు. అల్యూమినియపు ప్రొఫైలులో అంటించినచో వేడి దిగిపోవును. ఇవన్నియు పెద్దతరగతుల బాలబాలికలు కాగితముమీద లెక్కవేసి పెద్దలకు చూపవచ్చును. అయితే 230 వోల్టుల వైపు మాత్రము అనుమతి పొందిన పనివానిదే. అందులో పిల్లలు చేయి పెట్టరాదు.

మరల కొలోన్‌కు పోదము. నియమము దొరకెను గాని, దానిని నలుగురు ఒప్పుకొనునట్లు విపులముగా వ్రాయుటకు పాఠశాల గంటలు తీరిక నీయలేదు. 1826లో ఓము సగము జీతముమీద సెలవు పుచ్చుకొని బెర్లిన్ నగరమునకు పోయి తమ్ముడు మార్టిన్ యింట నివసించెను. లోహములో వేడిమి ఎట్లు వ్యాపించునో ఫ్రాన్సు దేశపు ఫూరియే చూపిన గణితమార్గమును అనుసరించి, విద్యుద్వలయమును గూర్చి తన గ్రంథమును వ్రాసి 1827లో ప్రకటించెను. ఈ గ్రంథము చేత ఏదైన విశ్వవిద్యాలయములో ఆచార్యపదవి దొరకునని ఆయన ఆశ. ముప్పదియెనిమిది సంవత్సరములవాడు, సగము జీతము, తమ్ముని యింట వసతి. ఆశ అంతయు ఆ పుస్తకముమీదనే.

పుస్తకము ఎవరికిని పట్టలేదు. ప్రకృతిని ప్రయోగము చేత గాక తత్త్వచింత చేత తెలిసికొనవలెనను మతము ఆనాడు బెర్లిన్ పండితులలో ప్రబలముగా నుండెను. పోల్ అను పండితుడు గ్రంథమును తీవ్రముగా ఖండించెను. మరియొక ప్రక్క, ప్రయోగములు చేయువారికి అందులోని గణితము కొరుకుడు పడలేదు. విద్యాశాఖాధికారులలో ఆయనను ఎత్తిపట్టువారు లేకపోయిరి. కొలోన్ ఉద్యోగమునుండి ఆయనను వెడలగొట్టిరని కొందరు చెప్పుదురు గాని అది నిజము కాదు. తనకు జరిగినది అన్యాయమని తలంచి, 1828 మార్చిలో తానే రాజీనామా ఇచ్చెను. ఇది వివేకమో ఆవేశమో చదువరులే చెప్పుకొందురు గాక. జీతము చేతనున్నప్పుడు పౌరుషపడుట ఒకటి, లేనప్పుడు నిలుచుట వేరొకటి. తరువాత అయిదు సంవత్సరములు ఆయన బెర్లిన్‌లో సైనిక పాఠశాలయందు వారమునకు కొన్ని గంటలు లెక్కలు చెప్పుకొనుచు గడపెను. వయస్సులో మంచి భాగము అట్లు పోయెను.

1833లో న్యూరెంబర్గ్ పట్టణపు పాలిటెక్నిక్ పాఠశాలలో ఆచార్యపదవి దొరకెను. బిరుదు ఆచార్యుడే గాని అది ఆయన కోరిన విశ్వవిద్యాలయము కాదు. 1839లో ఆ పాఠశాలకు అధ్యక్షుడాయెను. ఈ లోగా లైప్‌జిగ్‌లో ఫెక్నర్, రష్యాలో లెంజ్, ఫ్రాన్సులో పూయే ఆ నియమమును తమ ప్రయోగములచేత సరిచూచిరి. టెలిగ్రాఫు తీగలు మైళ్లకొలది సాగుచున్న కాలమది. తీగ పొడవునకు ప్రవాహమెంత తగ్గునో తెలియనిదే వార్త ఆవలి ఊరు చేరదు. పండితులు త్రోసిపుచ్చినదానిని తీగలు లాగువారు వెదకికొని వచ్చిరి. 1841లో లండను నగరపు రాయల్ సొసైటీవారు తమ కాప్లీ పతకమును ఓముకు ఇచ్చిరి. మరుసటి యేట విదేశ సభ్యునిగా చేర్చుకొనిరి. ఆయన గ్రంథము ఇంగ్లీషులోనికి తర్జుమా చేయబడినదియు 1841లోనే. పుస్తకము వెలువడి అప్పటికి పదునాలుగు సంవత్సరములు. స్వదేశమువారు ఇంకను ఆలస్యము చేసిరి. 1849లో మ్యూనిచ్‌కు పిలిచి అక్కడి భౌతిక పరికరముల పరిరక్షణ అప్పగించిరి. 1852లో విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర పీఠమును ఇచ్చిరి. యౌవనమునుండి కోరిన పదవి అరువది మూడవ యేట చేతికి వచ్చెను. అందు రెండు సంవత్సరములే ఉండెను. 1854 జూలై 6వ తేదీన మ్యూనిచ్‌లో మరణించెను. ఆయన వివాహము చేసికొనలేదు.

ఒక సంగతి తరువాత బయటపడినది. ఇంగ్లండులో కావెండిష్ అను ధనవంతుడైన పండితుడు ఓము పుట్టుటకు ముందే ఇట్టి సంబంధమును కనుగొని, ఎవరికిని చెప్పక కాగితములలో ఉంచుకొనెను. ఆ కాగితములను మాక్స్‌వెల్ 1879లో అచ్చువేయించెను. ఓము కీర్తికి దీనివలన లోపమేమియు లేదు. కావెండిష్‌కు ఉద్యోగము అక్కరలేదు, అచ్చువేయక ఊరకుండగలిగెను. ఓము అచ్చువేసి నష్టపడెను. ఆ అచ్చు పుస్తకమునుండియే లోకము నేర్చుకొనెను.

1881లో పారిసు నగరమున కూడిన అంతర్జాతీయ విద్యుత్సభవారు నిరోధపు కొలతకు ఓము పేరును స్థిరపరచిరి. మరుసటి యేట, 1882 సెప్టెంబరు 4న, న్యూయార్కు నగరపు పెర్ల్ వీథిలో ఎడిసన్ తన విద్యుత్కేంద్రమును తెరచి, సుమారు 110 వోల్టుల ప్రవాహముతో ఇండ్లకును కచేరీలకును దీపములు వెలిగించెను. తీగలలో పోవు నష్టము వలన ఆ వెలుగు ఇంచుమించు మైలు దూరమునకు మించి పోలేకపోయెను. మన హాలులోని స్ట్రిప్పునకు వచ్చిన చిక్కే ఆయనకును వచ్చినది, కొలత మాత్రము పెద్దది. ఎల్.ఇ.డి. దీపము చాల పిమ్మటిది. ఎర్రని కాంతి నిచ్చు దానిని హోలోన్యాక్ 1962లో చేసెను. తెల్లని వెలుగునకు అవసరమైన నీలి దీపమును సాధించినందులకు జపాను దేశమున పుట్టిన అకసాకి, అమనో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమానము వచ్చెను. ఈ దీపము తానై ఓము నియమమునకు లోబడి నడచునది కాదు. కొంత వోల్టేజివరకు ఏమియు తీసికొనక, దానిని దాటగానే ఒక్కసారిగా ప్రవాహమును లాగికొని కాలిపోజూచును. గనుకనే ప్రతి మూడు దీపములకు ఒక నిరోధకమును కాపలాగా పెట్టుదురు.

మీ యింట అట్టి స్ట్రిప్పు మిగులుముక్క ఉన్నచో, కరెంటు తగిలింపక భూతద్దముతో చూడుడు. పసుపురంగు దీపముల నడుమ నువ్వుగింజంత నల్లని తునక యుండును. కొన్నింటిపై 151 అను అంకెలు కనబడును. 15 వ్రాసి దాని ప్రక్కన ఒక సున్న చేర్చవలెనని దాని అర్థము, అనగా 150 ఓములు.